నలభై మైళ్ళ దగ్గర వణుకు

"మా ఆవిడ ఆటోమొబైల్ కంపెనీలో అడ్మినిస్ట్రేషన్ చూస్తుంది" అని దామోదర్ కొత్తవాళ్ళకి చెప్పేవాడు. అలా చెప్పేటప్పుడు నేను పక్కనే ఉండేదాన్ని, చేతిలో పకోడీల ట్రేతో. నిజానికి నేను పనిచేసింది అమెరికాలో, ఇల్లినాయ్‌లోని అరోరా ఊరి చివర, వాల్ట్ అనే పెద్దాయన మోటార్‌సైకిల్ రిపేరు షాపులో. నేను చూసిన అడ్మినిస్ట్రేషన్ ఏమిటంటే ఫోనెత్తడం, బండి తెచ్చినవాళ్ళు చెప్పిన బాధ రాసుకోవడం, మెకానిక్ రిక్ నూనె వేళ్ళతో గిలికిన నాలుగు ముక్కల్ని సర్వీస్ టికెట్ అనే రిపేరు చీటీ మీద టైపు చెయ్యడం, కాఫీ కాచడం, బాత్‌రూమ్‌లో కాగితం చుట్ట అయిపోతే కొత్తది పెట్టడం. చివరి రెండూ నా పనులని ఎవరూ చెప్పలేదు. షాపులో ఆడమనిషిని నేనొక్కదాన్నే కనక చెప్పనక్కర్లేదనుకున్నారు. నా పేరు వసుమతి. అంత పొడుగు పేరు వాళ్ళ నోరు తిరగక మొదటి సగం కోసేసి 'మ్యాటీ' చేశారు. వాళ్ళు ఉంచుకున్న ముక్క 'మతి' అని గమనించింది కూడా నేనొక్కదాన్నే.

ఇది పంతొమ్మిదివందల ఎనభై నాలుగు నాటి మాట. పొద్దున్న అయిదున్నరకి లేచేదాన్ని. అన్నం, కూర, చారు, దామోదర్ లంచ్‌బాక్సు, మా అమ్మాయి, ఎనిమిదేళ్ళ విద్యకి శాండ్‌విచ్. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి దామోదర్ వచ్చి సోఫాలో ఉండేవాడు. షామ్‌బర్గ్‌లో పార్కింగ్ గరాజులు డిజైన్ చేసే ఆఫీసు అతనిది. అలసట అనేది అతని ఆఫీసులో పుట్టి అతని బ్రీఫ్‌కేస్‌లో మా ఇంటికి వచ్చే వస్తువు. ఒకసారి నేను కూడా "ఇవాళ బాగా అలిసిపోయానండీ" అన్నాను. అతను పేపర్ దించి ఆశ్చర్యంగా చూశాడు. "టైప్ కొట్టడానికి అలసటేంటి వసూ?" అన్నాడు. వెటకారం కూడా కాదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. వెటకారమైతే కోపం తెచ్చుకునేదాన్ని. అర్థం కాక అడిగినవాడికి ఏం చెప్తాం, లేచి పప్పు కుక్కర్లో పెట్టాను.

గుడివాడలో మా నాన్నది సైకిల్ షాపు. పెళ్ళిచూపులప్పుడు మా అత్తగారు "సైకిల్ షాపు అనకండి, ఆటో స్పేర్స్ అనండి, నలుగురిలో బావుంటుంది" అని మధ్యవర్తికి ముందే నేర్పించారట. ఆ షాపులో నేను ఆరేళ్ళప్పటినుంచీ నాన్న పక్కన పీట మీద కూర్చునేదాన్ని. రిమ్ము బెండు తియ్యడం, చువ్వని మీటి చప్పుడు విని ఎక్కడ వదులుందో చెప్పడం, హ్యాండిల్ కింద కప్పుల్లో ఇనప గోళీలు పేర్చి గ్రీజు పెట్టడం అన్నీ వచ్చు నాకు. "ఈ పిల్ల చెవి నా చెవి కంటే మంచిది" అని నాన్న బేరానికొచ్చినవాళ్ళతో చెప్పేవాడు. పెద్దమనిషైన రోజుతో ఆ షాపు మెట్లెక్కడం ఆఖరు. "ఆడపిల్ల వేళ్ళకి గ్రీజు మరకలేంటే, చూసినవాళ్ళు ఏమనుకుంటారు" అంది అమ్మ. నాన్న తల వంచుకుని పనిలో పడ్డాడు. నా పీట మీద వేరెవరో కూర్చున్నారు. ఆ విద్యంతా ఏమైపోయిందో అప్పుడు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అది పోయిందనే అనుకున్నాను, ఎనభై నాలుగు మే నెలలో డెబ్రా వచ్చి మాట్లాడేదాకా.

డెబ్రా ఆసుపత్రిలో నర్సు, పసిపిల్లల వార్డులో. ఇరవైయెనిమిదేళ్ళుంటాయి. ఎర్ర స్పోర్ట్ బైకు, ముందుకి వాలి కూర్చుని నడిపే రకం, తన సొంత డబ్బుతో కొనుక్కుంది. ఏప్రిల్‌లో వాల్ట్ పేపర్లో 'స్ప్రింగ్ స్పెషల్' అని కూపన్ వేయించాడు. బండి ముందు భాగమంతా విప్పి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులకి కొత్త సీళ్ళు వేసి, హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులకి గ్రీజు పెట్టి ఇవ్వడం. మూడు వారాల్లో ఆరు బళ్ళొచ్చాయి. ఆరూ రిక్కే హడావుడిగా చేశాడు. అందులో డెబ్రాది ఒకటి.

మేలో తిరిగొచ్చి, "హ్యాండిల్ వణుకుతోంది" అంది.

"ఎంత వేగంలో?" అన్నాను పెన్ను పట్టుకుని.

"నలభై దగ్గర. వేగం పెంచేటప్పుడు కాదు, తగ్గేటప్పుడు. సిగ్నల్ కనిపించి యాక్సిలరేటర్ వదిలేస్తాను చూడండి, నలభైఅయిదు నుంచి దిగుతూంటే మొదలవుతుంది. చేతులు కాస్త వదులు చేస్తే ఇంకా ఎక్కువ. ముందు బ్రేకు నొక్కితే ఎక్కడో 'టక్' మంటుంది."

అంతా రాసుకున్నాను. రిక్ ఆ కాగితం చదివాడో లేదో తెలియదు. ముందు చక్రం బ్యాలెన్స్ చేశాడు. వారానికి మళ్ళీ వచ్చింది. కొత్త టైరు వేశాడు. మళ్ళీ వచ్చింది. ఈసారి రిక్ తనే హైవే మీద డెబ్భైలో నడిపి వచ్చి "రాయిలా ఉంది, ఏం లేదు" అన్నాడు. రిక్ ఆరడుగుల మనిషి. అతను హ్యాండిల్ పట్టుకుంటే గేదె కొమ్ములు పట్టుకున్నట్టుంటుంది. డెబ్భైలో, అంత గట్టిగా పట్టుకుని నడిపితే నలభై దగ్గర వచ్చే వణుకు ఎలా తెలుస్తుంది? డెబ్రా "చేతులు వదులు చేసినప్పుడు" అని మళ్ళీ చెప్పబోతే, "అయితే వదులు చెయ్యకు బంగారం" అని కన్నుకొట్టాడు. ఆమె మొహం ఎర్రబడింది. బండి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మూడు టికెట్లూ నేనే టైపు చేశాను. టైపు చేస్తూంటే నా మతి ఊరుకోలేదు. చక్రం బరువులో తేడా ఉంటే వేగం పెరిగేకొద్దీ పెరగాలి గాని, తగ్గేటప్పుడు రావడమేమిటి? బ్రేకు డిస్కు వంగితే బ్రేకు నొక్కినప్పుడే అదరాలి, నొక్కకుండా ఎందుకు అదురుతుంది? టైరు మార్చినా పోలేదంటే టైరు కాదు. మిగిలింది హ్యాండిల్ బేరింగు. పైగా వణుకు పుట్టింది ఏప్రిల్‌లో దాన్ని విప్పిన తర్వాత. గోళీలకి కొత్త గ్రీజు పెట్టి బిగిస్తే నాలుగు రోజులకి అవి సర్దుకుంటాయి, పై నట్టు వదులవుతుంది. మళ్ళీ ఒకసారి బిగించాలి. నాన్న అందుకే "వారం పోయాక ఒకసారి చూపించండి" అని పంపేవాడు. అది సైకిలు, ఇది మోటారుసైకిలు. కానీ హ్యాండిల్ హ్యాండిలే కదా.

మర్నాడు కాఫీ ఇస్తూ అన్నాను, "రిక్, ఆ ఎర్ర బండికి హ్యాండిల్ బేరింగు నట్టు ఒకసారి చూస్తావా?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను."

రిక్ కాఫీ కింద పెట్టి గట్టిగా అరిచాడు. "వాల్ట్! మ్యాటీ నా ఉద్యోగానికి అప్లై చేసుకుంటోంది!" షాపంతా నవ్వారు. వాల్ట్ లోపలి గదిలోంచి, "ముందు ఈ కాఫీ రిపేర్ చెయ్యమను, చల్లగా ఉంది" అన్నాడు. మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. వాళ్ళు నన్ను చూసి నవ్వుతుంటే వాళ్ళకి తోడుగా నేనెందుకు నవ్వాలి? కాని ఆడవాళ్ళం నవ్వేస్తాం. నవ్వకపోతే గదిలో గాలి బిగుసుకుంటుంది, ఆ గాలిని వదులు చెయ్యడం కూడా మన పనే అనుకుంటాం.

ఆ సాయంత్రం దామోదర్‌కి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "వైబ్రేషన్స్ అంటే ఏమనుకుంటున్నావ్? మేం సెమిస్టర్ అంతా చదివాం. చాలా కాంప్లికేటెడ్ సబ్జెక్ట్" అన్నాడు. "కంప్లైంట్ ఇవ్వడం కస్టమర్ పని, రిపేర్ చెయ్యడం మెకానిక్ పని. నువ్వు మధ్యలో దూరి జాబ్ పోగొట్టుకోకు. ఇంటి లోన్ అప్రూవ్ అయ్యేదాకా నీ జాబ్ స్టెడీగా ఉండాలి." నా ఉద్యోగానికి విలువుందని అతను ఒప్పుకున్నది ఆ ఒక్క వాక్యంలోనే. చారులో ఉప్పు తక్కువైందని కూడా అన్నాడు.

జూన్‌లో ఒక శుక్రవారం డెబ్రా బండి నాలుగోసారి వచ్చింది. పొద్దున్న వదిలేసి డ్యూటీకి వెళ్ళింది. రిక్ దాన్ని ముట్టుకోనైనా లేదు. పదకొండింటికి వాల్ట్ నా బల్ల దగ్గరికొచ్చి తనే చెప్పి టైపు చేయించాడు. "లోపమేమీ కనబడలేదు. నడిపేవారు హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకోవలసిందిగా సలహా ఇచ్చాం." ఆమె చేత సంతకం చేయించమన్నాడు, రేపు ఏదైనా జరిగితే మనకి ఇబ్బంది రాదని. నేను టైపు చేశాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా చేశాను. తర్వాత వాళ్ళందరూ లంచ్‌కి వెళ్ళిపోయారు. నేను నా డబ్బా విప్పి మూత పెట్టేశాను. 

డెబ్రా పన్నెండుంపావుకి వచ్చింది, తెల్ల బూట్లతోనే. కాగితం చదివింది. రెండుసార్లు చదివినట్టుంది. తర్వాత చేతులు రెండూ ముందుకి చాచి చూసుకుంది. "బహుశా లోపం నాదేనేమో. నా చేతులే వణుకుతున్నాయేమో" అంది. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల నరం వెతికి సూది పెట్టే చేతులవి. ఆ చేతుల మీద ఆమెకే అనుమానం పుట్టించారు. ఇద్దరు మగవాళ్ళు, నాలుగు కాగితాలు. ఆ నాలుగో కాగితం నా చేతులతో కొట్టిందే.

"సంతకం పెట్టకండి. లోపలికి రండి" అన్నాను.

బండి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె ఆగిపోయింది. "మెకానిక్ వచ్చేదాకా ఆగుదామా?" అంది మర్యాదగానే. ఆ మాట గుచ్చుకుంది. కాని ఆమెని ఏమనగలను? ఈ దేశంలో వాళ్ళు నాలాంటిదాన్ని మెకానిక్‌గా ఎక్కడ చూశారు గనక? మా దేశంలో మాత్రం ఎవరు చూశారు? "రెండు నిమిషాలు" అన్నాను. హ్యాండిల్ కాండం, బండి మెడ కలిసే చోట ఆమె వేలు పట్టుకుని పెట్టాను. నేను ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపాను.

టక్.

మళ్ళీ ఊపాను. టక్. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "ఇదే. ఇదే చప్పుడు" అంది. తర్వాత రిక్ వాడే జాకీ తెచ్చి ఇంజను కింద పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాను. ఫోర్కుల అడుగు పట్టుకుని లాగితే వదులు చేతికే తెలిసింది. హ్యాండిల్ అటూ ఇటూ మెల్లగా తిప్పితే, సరిగ్గా మధ్యకి వచ్చినచోట ఏదో గుంటలో పడి ఆగినట్టు ఆగింది. "వదులుగా ఉన్న గోళీలు కొట్టుకుని కొట్టుకుని లోపల గుంటలు పడ్డాయి. ఇప్పుడు బిగిస్తే చాలదు, బేరింగే మార్చాలి. మీ చేతులకేం కాలేదు" అన్నాను. నా వేళ్ళకి గ్రీజు అంటింది. పన్నెండేళ్ళ వయసులో ఉన్నంత సంతోషంగా ఉన్నాను ఆ నిమిషం. ఎంతకాలమైందో అలా ఉండి.

అంతలో వాల్ట్, రిక్ వచ్చారు. డెబ్రా వాళ్ళని చూసి గబగబా చెప్పింది. "దొరికింది! హ్యాండిల్ బేరింగు! ఈమే కనిపెట్టింది!"

వాల్ట్ నవ్వాడు. "మ్యాటీయా? మ్యాటీ మా టైపిస్టు అమ్మాయ్." రిక్ కూడా నవ్వాడు. డెబ్రా ఒక్క క్షణం నా వైపు చూసింది, వాళ్ళ వైపు చూసింది. తర్వాత తనూ నవ్వేసింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. నెల క్రితం కాఫీ ఇస్తూ నేను నవ్విన నవ్వే అది. అందుకే ఆమె మీద కోపం కూడా సరిగ్గా రాలేదు.

రిక్ బండిని ఊపి చూశాడు. మొహంలో రంగు మారింది. పాన తీసుకున్నాడు. నాలుగింటికి కొత్త బేరింగు వేసి, ఊరంతా తిప్పి, "ఇప్పుడు నలభైలో చేతులు వదిలేసినా కదలదు" అని తాళాలిచ్చాడు. డెబ్రా అతనికి చెయ్యి కలిపి థాంక్స్ చెప్పింది. నాకు దూరం నుంచి చెయ్యి ఊపింది. వాల్ట్ కొత్త టికెట్ చెప్పి టైపు చేయించాడు. "మెకానిక్ తనిఖీలో బేరింగు అరుగుదల కనబడింది. వాడకం వల్ల సహజం."

సహజం! నేను లేచి ఏప్రిల్ టికెట్ల డబ్బా తీశాను. మిగతా అయిదు బళ్ళు. అదే పని, అదే మనిషి, అదే హడావుడి. "వాల్ట్, వీళ్ళకి ఫోన్ చేసి ఒకసారి తీసుకురమ్మని చెప్పనా?" అన్నాను. వాల్ట్ తలుపు వేశాడు. అరవలేదు, చాలా నెమ్మదిగా మాట్లాడాడు. "ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు. మనంతట మనం చెప్తే తప్పు మనదని ఒప్పుకున్నట్టు. నువ్వు ఫోన్ చేశావంటే సోమవారం రానక్కర్లేదు." అతను వెళ్ళాక ఆ అయిదు పేర్లూ, నంబర్లూ నా పర్సులో ఉన్న సరుకుల చీటీ వెనక రాసుకున్నాను. రాసుకున్నాను కాని ఫోన్ చెయ్యలేదు. శుక్రవారం చెయ్యలేదు. శనివారమూ చెయ్యలేదు. ఇంటి లోను, దామోదర్ మొహం, వాల్ట్ తలుపు వేసిన తీరు, అన్నీ కళ్ళముందే ఉన్నాయి.

శుక్రవారం సాయంత్రం మాత్రం ఉండబట్టలేక దామోదర్‌కి జరిగిందంతా చెప్పాను. టీవీ చూస్తూనే "ఊఁ, ఊఁ" అన్నాడు. విన్నాడని నాకు శనివారం తెలిసింది.

శనివారం మా ఇంట్లో గుడి కట్టే కమిటీ మీటింగు. కమిటీలో పదిమంది మగవాళ్ళు. వంట నాది, ఇంకో ఇద్దరిది. భోజనాల దగ్గర కృష్ణమోహన్ గారు, కమిటీ ప్రెసిడెంటు, తన కారు స్టీరింగ్ అదురుతోందని ఏదో అన్నారు. దామోదర్ వెంటనే అందుకున్నాడు. "వైబ్రేషన్‌లో ట్రిక్ ఏంటంటే సార్, ఏ స్పీడ్‌లో వస్తోంది, యాక్సిలరేట్ చేస్తుంటేనా, స్లో అవుతుంటేనా, అది అడగాలి ముందు. మొన్న మా ఆవిడ కంపెనీలో ఒక మోటార్‌సైకిల్ నాలుగుసార్లు వచ్చిందట. మెకానిక్‌లందరూ టైర్లు మార్చుకుంటూ కూర్చున్నారు. ఈవిడ వచ్చి చెప్పింది. నేను సోఫాలోంచి లేవకుండా చెప్పా, 'హెడ్ బేరింగ్ చూడమను' అని. చూస్తే అదే!"

"అందుకే ఇంజనీర్ ఇంజనీరే" అన్నారు కృష్ణమోహన్ గారు. వంటింట్లో ఆయన భార్య రాధారాణి గారు నా చెవిలో, "మీవారికి ఎన్ని తెలుసోనండీ, మా ఆయనకి టైరు మార్చడం కూడా రాదు" అన్నారు. నేను పాయసం గిన్నెల్లో పోస్తున్నాను. పదిహేడు గిన్నెలు. ఒక్కదాన్లోనూ చుక్క ఒలకలేదు. గుమ్మంలోంచి దామోదర్ నన్ను చూశాడు. తడబడతాడేమో, కనీసం కళ్ళు దించుకుంటాడేమో అనుకున్నాను. హాయిగా నవ్వాడు. తను అబద్ధం చెప్తున్నానని కూడా అతనికి తెలియదు. అతను నిజంగా అలాగే జరిగిందనుకుంటున్నాడు. నా నోటి నుంచి వచ్చిన మాట అతని చెవిలో పడేసరికి అతని సొంతమైపోతుంది. పదేళ్ళ కాపురంలో ఇలా ఎన్ని మాటలు అటు వెళ్ళిపోయాయో.

ఆదివారం పదింటికి నేను సింకు దగ్గర గుండిగలు తోముతున్నాను. బయట మంచి ఎండ. వీధి చివర రోడ్డు మీద మోటార్‌సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిన చప్పుడు వినిపించింది. ఇల్లినాయ్‌లో అలాంటి ఎండ కాసిన ఆదివారం బండున్నవాళ్ళెవరూ ఇంట్లో ఉండరు. నురగ చేతులు కడుక్కున్నాను. తుడుచుకుని, పర్సులోంచి చీటీ తీసి, వంటింటి గోడకున్న ఫోన్ అందుకున్నాను.

"ఎవరికి?" అన్నాడు దామోదర్, కాఫీ కప్పుతో వచ్చి.

"వాల్ట్ చెయ్యొద్దన్న ఫోన్లు."

"నీకేమైనా పిచ్చా? జాబ్ పోతుంది. లోన్ సంగతేంటి? నీకంత అవసరమేంటసలు? నీకేం తెలుసని?"

ఆఖరి ప్రశ్నకి నేను వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూశాను. "అది మీరే చెప్పారుగా, నిన్న, అందరి ముందూ" అన్నాను.  నేను నంబరు తిప్పాను.

దీనివల్ల ఏమైందో ముందే చెప్పేస్తాను. అయిదు బళ్ళలో మూడింటికి నట్టు వదులైంది. వాళ్ళు వాల్ట్ దగ్గరికి కాకుండా వేరే షాపుకి వెళ్ళారు. ఎవరికీ ఏ ప్రమాదమూ జరగలేదు, అందుకే ఎవరూ నా పేరు గుర్తుపెట్టుకోలేదు. సోమవారం వాల్ట్ అన్నంత పనీ చేశాడు. ఇల్లు కొనడం ఏడాది వెనకపడింది. దామోదర్ ఆ సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. బేరింగు కథ మాత్రం మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. కాని ఆ రోజు తలుచుకుంటే నాకు వాళ్ళెవరూ గుర్తురారు. మొదటి ఫోన్ ఎత్తిన ఆమె గుర్తొస్తుంది. పేరు కూడా తెలియదు.

చీటీలో ఉన్న పేరు ఆమె భర్తది. ఆయన గరాజులో బండి తుడుచుకుంటున్నాడట, ఇద్దరూ బయల్దేరబోతున్నారట. నేను ఎక్కడినుంచి మాట్లాడుతున్నానో, ఏప్రిల్‌లో ఏం చేశామో, ఏం చెయ్యలేదో చెప్పాను. "హ్యాండిల్ వణుకుతోందేమో ఒకసారి..." అంటూంటే ఆమె మధ్యలోనే అందుకుంది.

"నలభై దగ్గర. వేగం తగ్గేటప్పుడు."

"మీకెలా తెలుసు?"

"నేను వెనక కూర్చుంటాను" అంది. గొంతు తగ్గించింది. "నాకు ఆయన భుజాల్లో తెలుస్తుంది. నెల్లాళ్ళనుంచి చెప్తున్నాను. నేను బిగుసుకుని కూర్చోవడం వల్లే వణుకుతోందంటాడు. నిజమేనేమో అని ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా కూర్చుంటున్నాను."

దామోదర్ నా వెనకే నిలబడి ఉన్నాడు. అతనికి వినపడుతోందో లేదో నేను చూడలేదు.

"మీవల్ల కాదు. మీరు చెప్పింది నిజం" అన్నాను.

  ఆమె, ఫోన్ నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నట్టు, అంది.

"ఆ మాట ఆయనతో కూడా చెప్తారా? పిలుస్తాను. కాని ముందు నాకింకోసారి చెప్పండి."